తుప్పు మీద అతుకు నిలువదు

జీర్ణోద్ధారణ అనే పదం చెవిని పడగానే ఆస్తికుల మనస్సులో శిథిలమైన గోపురం, భగ్నమైన విగ్రహం, పగుళ్లువారిన ప్రాకారం మెదలుతాయి. ఆగమశాస్త్రాలు ఈ విషయానికి ప్రత్యేక ప్రకరణాలనే కేటాయించాయి. బింబానికి లోపం కలిగినప్పుడు అది ఏ అవయవంలో కలిగినదో ముందుగా పరిశీలించవలెనని వాటి ఆదేశం. అవయవాలు మహాంగాలు, అంగాలు, ఉపాంగాలు, ప్రత్యంగాలు అని విభజింపబడ్డాయి. స్వల్పావయవానికి లోపం కలిగితే సంధానం చేసి, సంప్రోక్షణానంతరం పూర్వంవలె అర్చించవచ్చు. ప్రధానావయవమే భగ్నమైతే ఆ బింబాన్ని శాస్త్రోక్తంగా విసర్జించి నూతనబింబాన్ని ప్రతిష్ఠించాలి. లోపం ఎంతటిదో తేల్చకుండా పైన పూత పూసి, వస్త్రం కప్పి, పుష్పమాలికలతో మరుగుపరచి అర్చన కొనసాగించడం మాత్రం ఏ ఆగమానికీ సమ్మతం కాదు.

ఈ నియమం శిలకూ పంచలోహానికీ మాత్రమే పరిమితమా? మనుష్యుడు లోకంలో బాగుచేసుకొనే ప్రతి వస్తువుకూ, చివరకు తనను తాను బాగుచేసుకొనడానికీ ఇదే క్రమం వర్తిస్తుందా? ఉదయగిరి ప్రాంతంలో ఒక పికప్ వాహనానికి ముందుభాగాన జారిపోయిన బంపరు వృత్తాంతం ఈ ప్రశ్నకు సమాధానం చెబుతున్నది. విషయం అల్పమైనదని జిజ్ఞాసువులు తలచరాదు. ఛాందోగ్యంలో ఉద్దాలకుడు శ్వేతకేతువుకు సద్విద్యను ఉపదేశించడానికి మఱ్ఱివిత్తనాన్నీ ఉప్పుకల్లునూ చేతికి తీసుకొన్నాడు కదా!

నెల్లూరు జిల్లా పశ్చిమభాగాన కొండల నడుమ ఉదయగిరి దుర్గం ఉన్నది. గజపతుల ఆధీనంలో ఉన్న ఆ దుర్గాన్ని శ్రీకృష్ణదేవరాయలు దీర్ఘకాలం ముట్టడించి 1514లో వశపరచుకొన్నాడు. అక్కడి బాలకృష్ణమూర్తిని విజయనగరానికి తరలించి, ఆలయం నిర్మింపజేసి, 1515లో ప్రతిష్ఠించాడు. రాయలవారి నామం శాసనాలకెక్కినది. కొండ దించి, అడవులు దాటించి మూర్తిని చేర్చిన శ్రామికుల నామాలు చరిత్రకెక్కలేదు. ఐదువందల సంవత్సరాలు గడిచాయి. నేటికీ ఉత్సవమూర్తి వీథిలోకి రావాలంటే మోసేవాడు కావాలి. మోసే వాహనాన్ని బాగుచేసేవాడు కూడా కావాలి.

ఆ దుర్గం కనుచూపుమేరలో ఉన్న ఒక గ్రామంలో నలుబదేండ్ల గృహస్థు ఒకడు బొలేరో పికప్ నడుపుకొని కుటుంబాన్ని పోషించుకొంటున్నాడు. నిమ్మకాయల బస్తాలు, ఉదయగిరి చెక్కచెంచాల పెట్టెలు, ఎరువుల మూటలు, పెండ్లివంటల గుండిగలు, ఏ బాడుగ దొరికితే ఆ బాడుగకు పోతాడు. శ్రావణ బహుళాష్టమినాడు జరిగే గ్రామోత్సవానికి మాత్రం అతడు ఏ ప్రతిఫలమూ గ్రహించడు. అది తండ్రినాటి మొక్కు. తండ్రి తన ఎద్దులబండిని కడిగి, పసుపు పూసి, కృష్ణస్వామి ఊరేగింపునకు అప్పగించేవాడు. కుమారుడు పికప్‌ను అప్పగిస్తున్నాడు.

ఆ సంవత్సరం అష్టమికి నెలరోజుల ముందునుండీ వాహనం ముందరి బంపరు ఎడమవైపున నాలుగు వ్రేళ్ల మేర కిందికి జారి ఉన్నది. ఎవరైనా అడిగితే గుంతలో పడిందని అతడు చెప్పేవాడు. జి.ఐ. తీగను నాలుగు చుట్లు చుట్టి పైనున్న కమ్మీకి బిగించాడు. దూరంనుండి చూచేవారికి వంకర కనబడకుండా మామిడాకుల తోరణం ఒకటి వ్రేలాడదీశాడు. తీగ కట్టినంతమాత్రాన బంపరు బరువు ఆగవచ్చునేమో గాని కదలిక ఆగదు. రహదారి గతుకులో పడిన ప్రతిసారీ బోల్టు తన రంధ్రంలోనే అటూ ఇటూ రాపాడుతుంది. గుండ్రని రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి సాగుతుంది. రంగు రాలిపోయినచోట నీరు చేరుతుంది, నీరు చేరినచోట తుప్పు పుడుతుంది. పైకి కట్టు బిగువుగానే కనిపిస్తుంది. లోపల క్షయం నడుస్తూనే ఉంటుంది.

అష్టమి నాలుగు దినాలున్నదనగా అలంకారం చేసే యువకులు కొలతలు తీసుకొనడానికి వచ్చారు. మకరతోరణమూ, దీపాల చట్రమూ, ఇరువైపుల అరటిబోదెలూ ముందరి బంపరును ఆధారం చేసుకొనే నిలబడాలి. ఒకడు చట్రాన్ని ఆనించి చూడగానే తీగ పుటుక్కున తెగి, బంపరు కొన మోకాటి దిగువకు వాలింది.

"మామా, దీనికి కడితే తోరణం రోడ్డు మీదనే. ఆత్మకూరు పోయి అతికించుకొని రా" అన్నాడు ఆ యువకుడు.

నెల్లూరు నుండి ముంబాయి వైపు పోయే జాతీయరహదారి ఆత్మకూరు మీదుగా సాగుతుంది. లారీలు, ట్రాక్టర్లు, బస్సులు నిత్యం తిరిగే ఆ మార్గం పక్కన వెల్డింగు షెడ్లకు కొదవలేదు. వాటిలో ఒకటి అరువది దాటిన ఒక ఆచారిది. తాతగారు బండిచక్రాలకు ఇనుపపట్టాలు ఎక్కించేవాడు. పిడకల మంటలో పట్టాను ఎర్రగా కాల్చి, చెక్కచక్రంపైకి ఎక్కించి, నీళ్లు పోయగానే అది కుంచించుకొని చక్రాన్ని బిగించిపట్టేది. ఎద్దులబండ్లు తగ్గగానే తండ్రి కొలిమిని వదలి వెల్డింగు నేర్చుకొన్నాడు. అగ్ని రూపం మారింది, వృత్తి మారలేదు.

శ్రావణమాసపు ముసురు పట్టి ఉన్నది. రేకుల కప్పు కింద వాహనాన్ని నిలబెట్టగానే ఆచారి దాని ముందు గొంతుక్కూర్చొని చాలాసేపు చూశాడు.

"ఏమైంది నాయనా?"

"గుంతలో దిగబడింది ఆచారిగారూ. రెండు చోట్ల వెల్డింగు పెట్టిస్తే చాలు. అష్టమికి సామిని ఎక్కించాలి."

"విప్పకుండా యాడ పెట్టేది? తుప్పు మీద పెట్టిన అతుకు పూలహారం లాంటిది నాయనా. పొద్దున కట్టింది సాయంత్రానికి రాలిపోతాది. ముందు విప్పనీ."

వైదిక వాఙ్మయంలో ఆచారి వంటివారికి లభించిన ఒక స్థానాన్ని ఇక్కడ స్మరించడం ఉచితం. అగ్న్యాధానానికి, అనగా శ్రౌతాగ్నులను నెలకొల్పుకొనడానికి, వేదం ఋతువులను విధించినది. బ్రాహ్మణునికి వసంతం, క్షత్రియునికి గ్రీష్మం, వైశ్యునికి శరత్తు. వీటితోపాటు రథకారునికి వర్షర్తువును విధించినది. ఈ రథకారుడు ఎవరు? త్రివర్ణాలలో ఎవడైనా రథం చేస్తే అతడా, లేక ఆ పేరుతో ప్రసిద్ధుడైన వేరొక శిల్పిజనుడా? జైమిని పూర్వమీమాంస ఆరవ అధ్యాయంలో ఈ విచారణ ఒక అధికరణంగా సాగినది. ధాతువుల కూర్పుచేత సిద్ధించే అర్థం కంటె లోకంలో స్థిరపడిన ప్రసిద్ధార్థమే బలవత్తరమని నిర్ణయించి, సౌధన్వనులనే శిల్పిజనులే రథకారులని మీమాంసకులు సిద్ధాంతీకరించారు. త్రివర్ణాలకు వెలుపలి వారైనా, సాక్షాత్తు వేదవచనమే విధించినందున అగ్నిని ఆధానం చేసే అధికారం వారికి ఉన్నదని తేల్చారు. రథం చేసేవాని చేతికి అగ్నిని ఇవ్వడానికి శ్రుతి సంకోచించలేదు.

ఆ రథకారుని ఆధానంలో స్మరింపబడే దేవతలు ఋభువులు. సుధన్వుని పుత్రులైన ఋభువు, విభ్వుడు, వాజుడు అనే ముగ్గురు సోదరులు జన్మతః మర్త్యులే. అశ్వినీదేవతలకు రథాన్ని నిర్మించారు. త్వష్ట చేసిన ఒక్క చమసాన్ని నాలుగు చమసాలుగా మలిచారు. వృద్ధులై కృశించిన తమ తల్లిదండ్రులకు మరల యౌవనాన్ని కలిగించారు. ఈ కర్మకౌశలంచేతనే వారు అమరత్వాన్ని పొంది, తృతీయసవనంలో సోమభాగానికి అర్హులయ్యారని ఋగ్వేదసూక్తాలు కీర్తిస్తున్నాయి. క్రొత్తదానిని సృజించిన కీర్తితోపాటు, జీర్ణించినదానిని మరల నిలబెట్టిన కీర్తి కూడా వారిదని గమనించదగును. వర్షర్తువులో, అగ్నిని ముందుంచుకొని, జీర్ణరథానికి ఎదురుగా కూర్చున్న ఆత్మకూరు ఆచారికి ఈ అధికరణం తెలియదు. తెలియవలసిన అవసరమూ లేదు. అతని చేతులు దానిని ఆచరిస్తున్నాయి.

మొదట అతడు బంపరు కిందికి రెండు చెక్కదిమ్మెలు చేర్చి బరువును వాటిపై నిలిపాడు. విప్పుతుండగా ఒక్కసారిగా జారి కాలిపై పడకుండా అది జాగ్రత్త. నంబరుపలకను తీశాడు. పొగమంచు దీపాల తీగలను విడదీశాడు. బోల్టులకు కిరసనాయిలు పోసి, అది మరలలోకి దిగేవరకు ఒక బీడీ కాలినంతసేపు ఓపికపట్టాడు. తుప్పుపట్టిన బోల్టును బలంతో తిప్పితే తల తెగిపోతుంది. తడిసేదాకా ఆగి, కొంచెం బిగించి, కొంచెం వదలి, మరల తిప్పితే వస్తుంది. కుడివైపువి రెండూ తేలికగా వచ్చాయి. ఎడమవైపు ఒకటి వచ్చింది. రెండవది అప్పటికే విరిగి, ముక్క లోపలనే మిగిలి ఉన్నది.

బంపరును దించి పక్కన పెట్టిన తరువాత ఆచారి దానివైపు చూడలేదు. అది పట్టుకొని ఉండిన చోటును చూశాడు. బంపరు చాసీకి నేరుగా అతికి ఉండదు. చాసీ అనగా వాహనానికి వెన్నెముక వంటి జంట ఇనుపదూలాలు. వాటి కొనలకు బిగించిన బ్రాకెట్టు బంపరును మోస్తుంది. దెబ్బ బంపరుకు తగిలినా ఆ బరువు బ్రాకెట్టు గుండా చాసీకి చేరుతుంది. కనుక జారినది బంపరే అయినా జారడానికి కారణం మరొకచోట ఉండవచ్చు. కార్యం కనబడేచోటనే కారణం ఉండాలన్న నియమం తర్కంలోనూ లేదు, ఇనుములోనూ లేదు.

ఆచారి చాసీ కొనను ఇనుపబ్రష్షుతో రుద్ది, కిరసనాయిలు పూసి, గుడ్డతో పొడిగా తుడిచి, పైన సుద్దపొడి చల్లాడు. పగులు ఉంటే లోపల దాగిన నూనె పొడిలోకి ఊరి సన్నని గీతగా బయటపడుతుంది. కాసేపు చూశాడు. గీత రాలేదు. సుత్తితో మీటి విన్నాడు. ధ్వని గట్టిగానే వచ్చింది. చాసీ క్షేమం. బ్రాకెట్టుకు అదే పరీక్ష చేయగా మూడువంతుల మేర పగులు కనబడింది. ఆగమపరిభాషలో చెప్పాలంటే మహాంగం అభగ్నం, ఉపాంగం భగ్నం, సంధానానికి యోగ్యం.

అప్పుడు అతని వ్రేళ్లు బ్రాకెట్టుకూ బంపరుకూ మధ్యనుండే సందులో ఆగాయి. అక్కడ తుప్పులో ఇరుక్కొని ఒక చిన్న కుచ్చు ఉన్నది. నల్లని, మోటు వెంట్రుకలు. ఎండిన మట్టివంటిది ఏదో వాటిని అంటిపెట్టుకొని ఉన్నది.

ఆచారి దానిని వెలుతురులోకి పట్టి చూచి, వాహనదారుని అరచేతిలో ఉంచాడు.

"గుంత కిందనుంచి తంతాది నాయనా. ఇది పక్కనుంచి తగిలిన దెబ్బ. గుంతకు వెంట్రుకలు మొలవవు గదా."

వాహనదారుడు మాట్లాడలేదు.

"నేను ఇనుమును అతుకుతాను. అది మాత్రం నా పని కాదు. నువ్వే చూసుకోవాల" అని ఆచారి గ్రైండరు అందుకొన్నాడు.

నెలరోజుల క్రిందట, ఆషాఢమాసపు రాత్రి, ఆత్మకూరులో సరకు దించి ఉదయగిరివైపు ఖాళీగా తిరిగివస్తుండగా, ఒక పల్లె దాటినచోట రోడ్డుకు అడ్డంగా వచ్చిన పడ్డను వాహనం ఎడమకొన తాకింది. అది కూలబడింది. అతడు బ్రేకు వేశాడు. వాహనం ఆగింది. అద్దంలో వెనుకకు చూశాడు. చీకటిలో ఏదో కదిలింది. లేచి పోతున్నదని తనకు తానే చెప్పుకొన్నాడు. దిగి చూడలేదు.

కఠోపనిషత్తు శరీరాన్ని రథమని, ఆత్మను రథికుడని, బుద్ధిని సారథి అని, మనస్సును పగ్గమని, ఇంద్రియాలను గుర్రాలని నిరూపించింది. ఆ రాత్రి ఆ రథంలో ఏమి జరిగినదో ఊహించవచ్చు. సారథి నిద్రపోలేదు. కాలు బ్రేకు మీదికి పోవడమే అందుకు ప్రమాణం. తాకిడి అతని చేతిలో లేదు, చీకటి అతని చేతిలో లేదు. ఆగిన తరువాతి ఆ కొద్ది క్షణాలు మాత్రం అతని చేతిలోనే ఉన్నాయి. ఎవరైనా వస్తే తగవు, డబ్బు, ఆలస్యం, ఈ మూడు భయాలు పగ్గాన్ని సారథి చేతినుండి లాగుకొన్నాయి. దోషం తాకిడిలో కంటె ఆ క్షణాలలోనే ఉన్నది. ఆనాటినుండి వారానికి రెండుమార్లు అతడు అదే దారిన పోతున్నాడు. ఆ చోటు రాగానే అతని దృష్టి ఎదుటి అద్దంనుండి స్పీడు ముల్లు మీదికి జారేది. చుట్టూ చీకటి లేకున్నా చూడకుండా ఉండడం అభ్యాసమైపోయింది. బంపరుకు కట్టిన తీగ వంటిదే ఆ అభ్యాసం. బరువును ఆపింది, రాపిడిని ఆపలేదు.

షెడ్డులో పని సాగింది. ఆచారి బ్రాకెట్టును పట్టుడులో బిగించి పగులు పొడవునా గ్రైండరుతో కాలువవలె కోశాడు. రంగు, తుప్పు, మట్టి అన్నీ పోయి వెండివంటి మెరుపు వచ్చేవరకు విడువలేదు. చూచేవానికి అప్పటికి బాగుపడుతున్నట్లు కనిపించదు. ఉన్న ఇనుము కూడా తరిగిపోతున్నట్లే కనిపిస్తుంది. అయినా పగులును అడుగుదాకా తెరవకుండా పైన అతికితే, లోపలి పగులు అక్కడే ఉండి మరునాడు మరల పైకి వస్తుంది. విరిగిన బోల్టు ముక్కను తొలిచి తీశాడు. సాగిపోయిన రంధ్రాన్ని లోహంతో పూడ్చి, సరియైన చోట మరల రంధ్రం వేశాడు. పగులు మీద అతుకు వేసి, దాని వెనుక ముక్కోణపు ఇనుపబిళ్ల ఒకటి బలానికి చేర్చాడు. నీళ్లు చల్లి చల్లార్చలేదు. తనంతట చల్లారనిచ్చాడు. ఎర్రని అతుకు హఠాత్తుగా చల్లబడితే పెళుసవుతుంది.

చాసీ కొనవద్ద కూడా చిన్న అతుకు ఒకటి అవసరమైంది. దానికి ముందు అతడు బ్యాటరీ తీగను విప్పి పక్కకు పెట్టాడు. వెల్డింగు ప్రవాహం దారితప్పి ఆల్టర్నేటరునూ కంప్యూటరు పెట్టెనూ కాల్చకుండా అది రక్ష. ఎర్తు క్లాంపును అతికేచోటికి జానెడు దూరంలోనే తగిలించాడు. ఆగమజ్ఞులకు ఈ దృశ్యం అపరిచితం కాదు. జీర్ణబింబంపై ఉలి పెట్టడానికి ముందు బింబంలోని కళలను కుంభంలోకి ఆకర్షించి, బాలాలయంలో ప్రత్యేకంగా అర్చించి, పని ముగిసిన పిదపనే మరల బింబంలోకి ఆవాహన చేస్తారు. బాగుచేసే అగ్నియే లోపలి చైతన్యానికి హాని చేయకుండా చూచుకొనడం రెండుచోట్లా కర్త ధర్మమే.

రెడ్ ఆక్సైడు పూసి, ఆరిన తరువాత బంపరును ఎత్తి నిలిపారు. నాలుగు బోల్టులనూ ముందు చేతితోనే ఎక్కించాడు. ఒకదానికీ పానా తాకించలేదు. కుడిఎడమలకు దారం లాగి, బురదరేకుకూ బంపరుకూ మధ్య సందును రెండువైపులా వ్రేళ్లతో కొలిచి, కిందినుండి జాకీతో వెంట్రుకవాసి ఎత్తి, సమానమైన తరువాతనే బిగించడం మొదలుపెట్టాడు. కుడివైపు కొంచెం, ఎడమవైపు కొంచెం, మరల కుడివైపు.

"ఒక్కపక్కే బిగిస్తే రెండోపక్క ఎత్తుకుంటాది" అన్నాడు. స్ప్రింగు వాషర్లు అణిగేవరకు బిగించి చేయి తుడుచుకొన్నాడు. "పద్దెనిమిది వందలియ్యి. వంద కిలోమీటర్లు తిరిగినాక మళ్లా రా, ఇంకోసారి బిగించాల. కొత్త అతుకు కుదురుకునేదాకా నమ్మకూడదు."

ప్రాయశ్చిత్తమనే పదానికి ధర్మశాస్త్రజ్ఞులు చేసే వివరణ ప్రసిద్ధమే. ప్రాయమనగా తపస్సు, చిత్తమనగా నిశ్చయం. పాపం నశించే ఉపాయాలను మనుస్మృతి పదకొండవ అధ్యాయంలో చెబుతూ ఖ్యాపనాన్ని, అనగా చేసిన తప్పును తానే వెల్లడించడాన్ని, అనుతాపానికంటె, తపస్సుకంటె, అధ్యయనంకంటె ముందు పేర్కొన్నది. తన అధర్మాన్ని తానే ఎంతమేరకు చెప్పుకొంటాడో అంతమేరకు పాము కుబుసం విడిచినట్లు దానినుండి విడివడతాడని అక్కడి భావం. హోమం, దానం, వాహనసేవ, ఉపవాసం ఇవన్నీ అతుకులు. ఖ్యాపనం తుప్పును గీకడం. తుప్పు మీద అతుకు నిలువదు గనుకనే స్మృతి దానిని ముందుంచినది.

ఆనాటి సాయంకాలం తిరుగుప్రయాణంలో వాహనదారుడు ఆ పల్లెవద్ద ఆగాడు. ఈసారి దిగాడు. నలుగురిని అడిగితే ఇల్లు దొరికింది. ఒంటరి వృద్ధురాలిది. పాకలో గడ్డిపరుపు మీద పడ్డ పడుకొని ఉన్నది. వెనుకకాలికి వెదురుబద్దలతో కట్టు కట్టి ఉన్నది. అది చూలుతో ఉన్నది. ఈనితే పాలు అమ్ముకొని బ్రతుకవచ్చునన్న ఆశతో ఆమె దానిని దూడనాటినుండి మేపింది. కాలు విరిగిన తరువాత బేరగాడు నాలుగోవంతు ధరకు అడిగితే ఇవ్వలేదు.

అతడు గుమ్మంవద్దనే నిలబడి, "అవ్వా, ఆ రాత్రి గుద్దింది నా బండే" అన్నాడు.

ఆమె అతనిని తేరిపార చూచింది. తిట్టలేదు, ఏడవలేదు.

"లైట్లు చూసినా నాయనా. ఆగినాయి. మళ్లా పోయినాయి. ఆగింది ఎందుకు పోయిందా అని, అదే నాకు అర్థం కాలా."

అతడు వైద్యానికైన ఖర్చు ఇస్తానన్నాడు. పశువు కోలుకొనేవరకు మేత తెచ్చిపోస్తానన్నాడు. ఆమె తల ఊపింది.

"డబ్బు సరేలే. ఆ పొద్దు దిగుంటే ఇద్దరం పట్టి లేపుండేవాళ్లం. ఒక్కదాన్ని లేపలేక తెల్లారిందాకా దాని తల ఒళ్లో పెట్టుకొని ఆ రోడ్డుమీదనే కూచున్నా."

దీనికి ప్రత్యుత్తరం ఏ స్మృతిలోనూ లేదు. ద్రవ్యనష్టానికి ద్రవ్యంతో పరిహారం ఉన్నది. ఒక వృద్ధురాలు ఒంటరిగా గడిపిన రాత్రిని తిరిగి ఇచ్చే సాధనం మాత్రం లేదు. ప్రాయశ్చిత్తం జరిగినదానిని జరగనిదిగా చేయదు. అతికిన బ్రాకెట్టు మీద అతుకు గుర్తు ఎప్పటికీ ఉంటుంది. ఆ గుర్తు ఉన్నంతమాత్రాన అది బరువు మోయలేదని చెప్పడం కూడా తగదు.

మరునాడు ఆలయమండపంలో ఉత్సవపు ఏర్పాట్లకు గ్రామస్థులు కూడినప్పుడు అతడు ఈ వృత్తాంతమంతా స్వయంగా చెప్పాడు. వెంట్రుకల సంగతి, అవ్వ మాట, నెలరోజులు తాను చెప్పిన గుంత అబద్ధం, ఏదీ దాచలేదు. "ఈ బండి మీద సామిని ఎక్కించడం మీకు ఇష్టం లేకపోతే వేరే బండి తెచ్చుకోండి. బాడుగ నేనిస్తాను" అని ముగించాడు. కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరకు ఒక పెద్దాయన లేచి, "బంపరు బాగా బిగించినాడా ఆచారి?" అని అడిగాడు. "బిగించినాడు పెద్దయ్యా." "అయితే బండి కడుగు. తోరణం కట్టేవాళ్లు కాచుకొని ఉండారు."

అష్టమి రాత్రి కృష్ణస్వామి ఆ వాహనంపైనే గ్రామవీథులలో ఊరేగాడు. మకరతోరణం నిటారుగా నిలిచింది. అలంకారం చేసేవారు బంపరును పూర్తిగా పూలతో కప్పబోగా అతడు వారించి, ఎడమవైపు రెడ్ ఆక్సైడు పూసిన భాగాన్ని అలాగే విడిచిపెట్టమన్నాడు. ఎందుకని వారు అడుగలేదు.

ఉత్సవం ముగిసిన వారానికి వంద కిలోమీటర్లు నిండాయి. వెనుక రెండు పచ్చగడ్డి మోపులు వేసుకొని అతడు ఆత్మకూరుకు బయలుదేరాడు. దారిలో పల్లెవద్ద ఆగి మోపులు దించాడు. పడ్డ ముందుకాళ్లమీద లేవడానికి ప్రయత్నించి మరల పడిపోయింది. అవ్వ ఒకవైపు, అతడు ఒకవైపు పట్టి దానిని లేపి నిలబెట్టారు. అరనిమిషం నిలిచింది. ఆత్మకూరులో ఆచారి పానా పెట్టి నాలుగు బోల్టులనూ పరీక్షించాడు. మూడు కదలలేదు. ఎడమవైపు క్రొత్తది మాత్రం పావుచుట్టు తిరిగింది.

"చూసినావా? అందుకే రమ్మన్నా" అన్నాడు.

సర్వం శ్రీకృష్ణార్పణమస్తు.